దాచిన భిన్నం

గుంటూరు హాస్టలు,
ఆదివారం.

మా బంగారు అమ్మకి,

వందనాలు. ఫోన్లో మాట్లాడదామంటే వార్డెన్ మేడమ్ స్పీకర్ పెట్టించి పక్కనే నిలబడుతుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. తమ్ముడి చేత చదివించుకుని పొయ్యిలో పడెయ్.

హారిక చదువు ఆగిపోవడానికి కారణం నేనేనమ్మా. మన పేట నుంచి ఇద్దరం ఒకే బస్సులో వచ్చాం, ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఇక్కడ మొదటి సెక్షన్ వాళ్ళకే ఫీజు లేదు. వారం పరీక్షలో ఆఖరున వచ్చినవాళ్ళని కింది సెక్షన్‌కి తోసేస్తారు. ఆ వారం ఆఖరు నేనే అయ్యేదాన్ని. హారిక నాలుగు రోజులు జ్వరంతో పడుకుని లేచి వచ్చి, "ఏమే, పార్షియల్ ఫ్రాక్షన్స్ చెప్పవే, రేపే పరీక్ష" అంది.

పెద్ద భిన్నాన్ని చిన్న భిన్నాలుగా విడగొట్టే లెక్క అది, కల్లంలో నువ్వు మంచి మిరపకాయనీ తాలుకాయనీ వేరుచేసినట్టు. విడగొడితే గానీ ఇంటిగ్రేషన్ అవదు. హారంలో (x−1) స్క్వేర్ ఉంటే, (x−1) హారంగా ఒక భిన్నం, దాని స్క్వేర్ హారంగా ఇంకొకటి, రెండూ రాయాలి. నాకు తెలుసు. తెలిసే, స్క్వేర్‌ది ఒక్కటే రాయమన్నాను. "సార్ కంటే నువ్వే బాగా చెప్తావే" అంది పిచ్చిది.

పరీక్షలో అలాంటివి నాలుగొచ్చాయి. నాలుగూ పోయాయి. సార్ దాన్ని బోర్డు దగ్గర నిలబెట్టి ఆ తప్పు లైను ఇరవైసార్లు రాయించాడు. "మిరపకాయలు కోసుకునే మొహానికి ఇంజినీరింగ్ కావాలా? ఎవత్తె నేర్పిందే నీకిది?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. అది నా వంక ఒక్కసారి చూసి, "నేనే నేర్చుకున్నాను సార్" అంది. దాన్ని కింది సెక్షన్‌కి తోసేశారు. ఫీజు కట్టలేక మర్నాడే వాళ్ళ నాన్న, మన బుల్లయ్య మామ, వచ్చి దాన్ని తీసుకెళ్ళిపోయాడు.

నాకు అన్నం సయించడం లేదు. నువ్వు ఊఁ అంటే సార్‌తో నిజం చెప్పేస్తాను, నన్ను తోసేసినా సరే. మామతో మాట్లాడి దాన్ని మళ్ళీ పంపించమను. వద్దంటే నోరు మూసుకుంటాను. నాకు ధైర్యం లేదమ్మా, నువ్వే చెప్పు.

నీ స్తుతి


ప్రత్తిపాడు,
శుక్రవారం.

స్తుతీ,

చేతివ్రాత గుర్తుపట్టావా? మీ తమ్ముడిది ఇంగ్లీషు మీడియం కదా, రెండు లైన్లు కూడా కూడబలుక్కోలేకపోయాడు. మీ అమ్మ ఉత్తరాన్ని జాకెట్లో పెట్టుకుని మిరప కోతకి తెచ్చింది. "మా పిల్ల ఏం రాసిందో చదివిపెట్టవే తల్లీ, ఈ చేలో నీకంటే చదువుకున్నవాళ్ళెవరే" అంది.

నువ్వూ తప్పే నేర్చుకున్నావనుకున్నానే ఇన్నాళ్ళూ. పేరు చెబితే నిన్నూ తోసేస్తారని చెప్పలేదు.

నేనేం చదివానో తెలుసా? "అమ్మా, నేను క్షేమం. అన్నం బాగా తింటున్నాను. సార్ మెచ్చుకున్నారు." మీ అమ్మ సంతోషం పట్టలేక ఏడ్చేసింది. జాలిపడ్డాననుకోకు. నిజం తెలిస్తే నిన్ను తిడుతుంది, కొడుతుంది, ఆ తర్వాత ఒళ్ళో పడుకోబెట్టుకుంటుంది. ఆ సుఖం నీకెందుకు?

మా నాన్నకి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను. "ఎవరేం చెప్పినా నమ్మేదానికి చదువెందుకే, గంప తియ్" అన్నాడు. కాబట్టి నువ్వు సార్‌తో చెప్పుకున్నా నేను రాను. చెప్పుకుని నువ్వు తేలికపడదామనుకుంటే పడు.

నీకు మీ అమ్మ జవాబు కావాలిగా. "ఏం రాయమంటావత్తా?" అని అడిగాను. "బుద్ధిగా చదువుకోమను. హారికలాగా తిరిగిరావద్దని రాయి" అంది, నా మొహం మీదే. ఆవిడకేం తెలుసు, అమాయకురాలు. ఇకనుంచి నీ ఉత్తరాలన్నీ నన్నే చదవమంది, జవాబులూ నన్నే రాయమంది. సరేనన్నాను.

కింద ఉన్నది మీ అమ్మ వేలిముద్ర. ఏం రాశావని కూడా అడగకుండా వేసింది.

మీ అమ్మ తరఫున,
హారిక