అక్క పేరిట ఏమీ రాయని వీలునామా

పశ్చిమ గోదావరి జిల్లా పెనుగొండ, చర్చి వీధి కాపురస్తురాలు, కీర్తిశేషులు దేవకుమారి టీచరు గారి రెండో కుమార్తె, ఎం.ఎస్సీ. చదివి ట్యూషన్లు చెప్పుకుంటున్న ఇరవై ఎనిమిదేళ్ల కొల్లాబత్తుల వినీల అను నేను, ఎవరి బలవంతమూ లేకుండా, స్థిమితమైన బుద్ధితో, సొంత దస్తూరీతో రాసుకున్న వీలునామా ఇది. ఈ స్థిమితమైన బుద్ధి అన్న మాటని మిగతావాళ్లు రాసి ఊరుకుంటారు. నేను మాత్రం డాక్టరు దుర్గాశ్రీ గారి సర్టిఫికెట్టు జతపరచాల్సి వచ్చింది.

చావాలని రాస్తున్నది కాదు. చాలా ఏళ్లు బతికే ఉద్దేశంలోనే ఉన్నాను. అమ్మ పోయాక ఇంటి పంపకం మాటల్లో అక్క భర్త, మా బావ విజయ్ పాల్ గారు, నేను పక్క గదిలో ఉండగానే, "ఆ పిల్ల సంతకం చెల్లుతుందంటారా అండీ?" అని వకీలు త్రిమూర్తులు గారిని అడిగారు. చెల్లుతుందని చూపించడానికే ఇది.

1. ఇంతదాకా తెచ్చిన సంగతి. నాకు బైపోలార్ అనే జబ్బు ఉంది. కొన్ని వారాలు నిద్రే అక్కర్లేనంత హుషారు, కొన్ని వారాలు జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేవదు. ఆరేళ్లుగా మాత్రలు వేసుకుంటూ, నెలకోసారి ఒక్కదాన్నే బస్సెక్కి రాజమండ్రి వచ్చి ఈ దుర్గాశ్రీ గారికే చూపించుకుంటున్నాను. అమ్మకీ, అక్క కృపారాణికీ తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. అమ్మ బైబిలు మీద చెయ్యేసి "ఎవరికీ చెప్పనే" అంది అక్క.

మా చర్చిలో ప్రార్థన అంశాలు చీటీల మీద రాసి బుట్టలో వేస్తారు. ఒకరికి వీసా, ఒకరికి మోకాళ్ల నొప్పి. ఫిబ్రవరిలో ఒక ఆదివారం పాస్టరు ఏసుపాదం గారు చీటీ విప్పి, "మన సహోదరి వినీల మానసిక రుగ్మత నుంచి విడుదల పొందునట్లు" అని మైకులో చదివారు. పక్కనే అక్క కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. ఇంటికొచ్చాక నిలదీస్తే, "పేరు రాయకపోతే ఎవరి కోసమని ప్రార్థిస్తారే?" అంది. అమాయకంగానే అంది. నా కోపమంతా అక్కడే.

మరుసటి వారం, ఏడేళ్లుగా నేను చెబుతున్న సండే స్కూలు క్లాసు నా దగ్గర్నించి తీసేశారు. "కొన్నాళ్లు రెస్ట్ తీసుకోమ్మా" అన్నారు. ట్యూషన్ పిల్లల్లో నలుగురు మానేశారు.

2. నా సమాధి దగ్గర పాటలు పాడవచ్చు. చీటీలు చదవరాదు. అమ్మ బైబిలు నాతోపాటే పెట్టెలో ఉంచాలి. దాని మీద ఇంకెవరూ ప్రమాణం చేయనక్కర్లేదు.

3. నా గిటారు సండే స్కూలుకి. పెద్దలు తీసేశారు గానీ, పిల్లలు ఇప్పటికీ వీధిలో "అక్కా, కొత్త పాటెప్పుడు?" అని అరుస్తారు.

4. మాత్రల దాహానికి నేను వెంట మోసుకు తిరిగే రెండు లీటర్ల నీళ్ల సీసా చిట్టెమ్మ గారికి. ఈస్టరు తర్వాతి ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగితే లేచాను. ఆ సీసాలోంచి ఒక గుక్క తాగి, ముందున్న కుర్చీని రెండు చేతులా పట్టుకున్నాను. ఈ జబ్బు కన్నా అంతమంది కళ్లంటేనే నాకు ఎప్పుడూ ఎక్కువ భయం. "నాకు బైపోలార్ ఉంది. మీరు షుగరుకి వేసుకున్నట్టే నేనూ మాత్రలు వేసుకుంటున్నాను. నయమైందని చెప్పడానికి లేవలేదు, ఉందని చెప్పడానికి లేచాను" అన్నాను. ఒక్కరూ ఆమెన్ అనలేదు. వెనక వరసలోంచి చిట్టెమ్మ గారు మాత్రం, "నాకూ షుగరేనమ్మా. చెప్పేశావుగా, ఇక కూర్చో, పడిపోతావ్!" అన్నారు. నవ్వొచ్చింది. భయం పోలేదు, కానీ ఆ రోజు పడిపోలేదు.

5. పెనుగొండ ఇంట్లో నా సగం వాటా అక్క కూతురు రూబీకి. దానికి మైనారిటీ తీరేదాకా బావగారు కాక, ఈ వీలునామాని అమలుపరిచే త్రిమూర్తులు గారు చూసుకోవాలి. చీటీ చదివిన రోజు అందరూ నా గురించి దేవుణ్ణి అడిగారు. తొమ్మిదేళ్ల రూబీ ఒక్కతే నన్ను అడిగింది: "పిన్నీ, లోపల ఎలా ఉంటుంది నీకు?" గంటసేపు చెప్పాను. విని, "అయితే హుషారు వారంలో నా ప్రాజెక్టు చేసిపెట్టు" అంది.

6. అక్క కృపారాణికి ఏమీ రాయడం లేదు. గిన్నె గానీ, చీర గానీ, క్షమాపణ గానీ లేదు. ఇది పగ అనుకునేవాళ్లు అనుకోవచ్చు, సగం నిజమే. మిగతా సగం: సాక్షి సంతకం పెట్టినవాళ్లకి వీలునామాలో రాసింది చెల్లదని వకీలు గారు చెప్పారు. నాకు కావాల్సిన సాక్షి నువ్వే, అక్కా. అందుకే నిన్ను ఉత్తచేతుల్తో ఉంచాను. నా బుద్ధి సరిగ్గా లేదని సంఘమంతటికీ రాసిచ్చింది నీ చెయ్యే. సరిగ్గా ఉందని కూడా ఆ చేత్తోనే, ఆరేళ్లలో నువ్వొక్కసారీ అడుగుపెట్టని ఈ డాక్టరు గారి గదికి వచ్చి, సంతకం చెయ్యి.

7. నా సంతకం వంకరగా ఉంటుంది. మాత్రల వల్ల చెయ్యి వణుకుతుంది. దాన్ని భయమని గానీ, అయోమయమని గానీ ఎవరూ వాదించరాదు.

రాజమండ్రి, 2025 ఆగస్టు 16, శనివారం.

(సం.) కొల్లాబత్తుల వినీల

సాక్షులు, ఆమె మా ఎదుట సంతకం చేయగా చూసినవారు:

1. (సం.) డాక్టర్ దుర్గాశ్రీ

2. (సం.) బొంతు కృపారాణి, అక్క. మా చెల్లి స్థిమితంగానే ఉంది. నా సంతకం కూడా వంకరగానే వచ్చింది. నేను ఏ మాత్రలూ వేసుకోను.