మూసాపేట పేజీ తెరిచే బ్రౌజర్

జూన్ 2, సోమవారం

ఆఫీసులో కొత్త లాప్‌టాప్ ఇచ్చారు. పొద్దుటి నుంచీ ఒకటే పని — నేను నోట్స్ రాసుకునే ఎడిటర్‌కి మళ్లీ మొదటి నుంచి మర్యాదలు నేర్పడం. నోట్స్‌లో లింకు నొక్కితే అది ఏ బ్రౌజర్‌లో తెరవాలో వరసగా రాసిపెట్టాలి. ఆఫీసు సైట్లు ఆఫీసు బ్రౌజర్‌లో. కస్టమర్ల పేజీలు వాళ్లు వాడే బ్రౌజర్‌లో. కరెంటు బిల్లు, పిల్లాడి స్కూలు నా సొంతదాంట్లో. ఏ నియమానికీ దొరకనివన్నీ ఆఫీసుదానికే.

నోట్స్ ఫైలు మాత్రం పాతదే. మూడు కంపెనీలు మారాను, కాపురం చందానగర్‌కి మారింది, ఫైలు మారలేదు.

జూన్ 3

ఫైలు అట్టడుగున ఒక లింకు. మూసాపేట చర్చి యూత్ క్వయర్ పాటల పేజీ. అప్పట్లో నాతో ఒకే గదిలో ఉన్న అరుణా, నేనూ కలిసి చేసింది. నొక్కాను... తెరుచుకుంది! చర్చిలో ఎవరో దానికి ఇంకా నీళ్లు పోస్తున్నట్టున్నారు.

కానీ తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాల నెత్తిన చుక్కలు, కొమ్ములు. అప్పట్లో వాడిన తెలుగు ఫాంటు ఇప్పటి కంప్యూటర్లలో లేదు మరి.

అడుగున సందర్శకుల పుస్తకం. చివరి నాలుగు వరసలు అరుణవి. పేరు మాత్రం ఇంగ్లీషులో ఉంది, తెలుస్తోంది. తను రాసిన వారమే చూశాను, నా పేరుతో మొదలైందని కూడా చూశాను. చదవలేదు, భయం. ధైర్యం వచ్చేసరికి అక్షరాలు పోయాయి.

జూన్ 4

రోజంతా మూసాపేటే. మేడ మీద ఒక్క గది, రేకుల వంటిల్లు. నాది గుంటూరు, తనది హనుమకొండ. నేను చేసిన గోంగూర పచ్చడి తింటూ తను, "గింత కారం తింటరా మీరు" అనడం, అని మళ్లీ వడ్డించుకోవడం. సాయంత్రాలు నెట్ సెంటర్‌లో ఒకే కుర్చీ మీద ఇద్దరం. నేను పాటలు టైపు చేసేదాన్ని, తను కోడ్ రాసేది. ఒక్కో పాట పేజీ మీదికి రాగానే నెట్ సెంటర్ అని కూడా చూడకుండా పాడేది. ఓనరు విసుక్కునేవాడు, రెండో చరణానికి తనూ తల ఊపేవాడు.

అంత సంతోషంగా మళ్లీ ఎప్పుడూ పని చేయలేదు. నిజం.

జూన్ 5, గురువారం

పరువు పోయింది. మీటింగ్‌లో నా తెర అందరికీ చూపిస్తూ బగ్‌ల జాబితా లింకు నొక్కబోయి, పక్క లైను నొక్కాను. మూసాపేట పేజీ. ఏ నియమానికీ దొరకలేదు కనుక ఆఫీసు బ్రౌజర్‌లో, టీమంతా చూస్తుండగా, తెర నిండా తెరుచుకుంది. వైరస్ అనుకున్నారు కొందరు. మూసేశాను.

లంచ్ తర్వాత యాదగిరి గారు నా సీటు దగ్గరికొచ్చారు. డాక్యుమెంటేషన్ టీం, నెమ్మదస్తుడు. అదేమిటని అడగకముందే ఏదో పాత టెస్ట్ పేజీ అనేశాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు. ఆయన నవ్వి కుర్చీ లాక్కున్నారు.

"అది పాత ప్రెస్ ఫాంటు మేడం. ఈ కొలువుకు రాకముందు డీటీపీల పదేండ్లు గదే కొట్టిన. ఫాంటు లేకున్నా నాకు చదవొస్తది."

తెరిచాను. చివరి నాలుగు వరసల మీద వేలు పెట్టాను. ఆయన గొణుక్కుంటూ, కూడబలుక్కుంటూ — "సుజీ... లోపట వాళ్లు అడిగిన్రు..." అక్కడ ఆగి నా మొహం చూశారు. "ఇగ చదవమంటరా?"

వద్దన్నాను. మళ్లీ అడగలేదు. ఫాంటు సీడీ ఇంట్లో ఉందట, రేపు తెస్తానని మాత్రం అన్నారు.

లోపల వాళ్లు అడిగారు. ఏ లోపలో నాకు తెలుసు... రాసేస్తాను, ఈ కాగితానికి కాకపోతే ఇంకెవరికి చెప్పుకుంటాను.

మాదాపూర్‌లో ఇంటర్వ్యూ, ఇద్దరికీ ఒకే రోజు. ఇద్దరి రెజ్యూమెల్లోనూ అదే పేజీ. ఇద్దరికీ కలిపి మంచి చెప్పులు ఒక్క జతే. ముందు నా పిలుపు. ఇది ఎవరు చేశారని అడిగారు. కోడంతా అరుణది. "నేనొక్కదాన్నే" అన్నాను. ఎందుకన్నానో... నోరు అలా తిరిగింది. బయటికొచ్చి చెప్పులు విప్పి తనకిచ్చాను. ఏమడిగారే అంది. మామూలే అన్నాను. ఆ చెప్పులేసుకుని తను లోపలికెళ్లింది.

ఉద్యోగం నాకొచ్చింది. వారంలో తను గది ఖాళీ చేసింది, నేను ఊరికి వెళ్లినప్పుడు. లోపల తను ఏమందో ఈ రోజుకీ తెలియదు.

జూన్ 6

యాదగిరి గారు సీడీ ఇచ్చారు. గీతలు పడింది. టీ తాగుదాం రమ్మంటే, ముందు మీ పని చూసుకోండి మేడం అన్నారు.

జూన్ 7, శనివారం

ఇంట్లో పాత కంప్యూటర్. దాంట్లో ఏళ్ల తరబడి అప్‌డేట్ చేయని బ్రౌజర్ ఒకటి — నేను ముసలిది అంటాను. పేజీ ఏ ఫాంటు అడిగితే అది మారుమాట లేకుండా ఇచ్చేది ఇప్పుడు అదొక్కటే. ఫాంటు ఎక్కించాను. దీంట్లోని ఎడిటర్‌లో కొత్త నియమం: మూసాపేట లింకు ముసలిదానికి.

నొక్కితే మళ్లీ పిచ్చి గీతలే. నా సొంత బ్రౌజర్‌లోనే తెరుచుకుంటోంది. అరగంట తిట్టుకున్నాక తెలిసింది. ఎడిటర్ నియమాల్ని పైనుంచి కిందికి చూస్తుంది, మొదట సరిపోయిన దగ్గరే ఆగిపోతుంది. చర్చి లింకులన్నీ నా సొంత బ్రౌజర్‌కి అని ఈ ఇంటి కంప్యూటర్‌లో పైన ఎప్పుడో రాసుకున్నాను. ఇరవై ఏళ్ల అనుభవం, ఈ తప్పు!

మూసాపేట లైనును అన్నిటికన్నా పైకి తెచ్చాను. నొక్కాను.

తెలుగు.

"సుజీ, లోపట వాళ్లు అడిగిన్రు, ఈ పేజీ ఇప్పుడే ఒకమ్మాయి చూపిచ్చింది, నీదెట్లయితదని. ఆమెదే, నేను ఊకె రెజ్యూమెల పెట్టుకున్న అని చెప్పిన. ఇద్దరిదీ అంటే నువ్వు అబద్ధం ఆడినట్టయితుండె. నీకు కొలువొచ్చినందుకు సంతోషం. అలిగి పోతలేను, అక్క దగ్గరికి పోతున్న. ఆదివారం ప్రాక్టీసుకొస్త, మాట్లాడుకుందం."

ఆ ఆదివారం నేను వెళ్లలేదు. ఆ తర్వాత ఆ చర్చికే వెళ్లలేదు.

ఏడుపొచ్చింది. వంటింట్లో కుక్కర్ మోతలో బాగానే ఏడ్చాను.

జూన్ 8

పాత పాస్టరమ్మ గారికి ఫోన్ చేశాను. అరుణ నంబరు ఇచ్చారు. హనుమకొండలో, స్కూల్లో కంప్యూటర్ టీచరట. క్వయర్ మానేసి చాలా కాలమైందట.

జూన్ 9

చేయలేదు. రెండుసార్లు నంబరు నొక్కి కట్ చేశాను.

జూన్ 10, మంగళవారం

మధ్యాహ్నం చేశాను, ఆఫీసు మెట్ల మీద కూర్చుని. ఎత్తింది. పేరు చెప్పాను. "మూసాపేట సుజీవా?" అంది. అదే గొంతు, కొంచెం బరువెక్కింది. పిల్లలెంతమంది, ఎక్కడుంటున్నావు, మెట్రో మీ దాకా వచ్చిందా... నవ్వుతూనే ఉంది. మధ్యలో ఆపి చెప్పేశాను. ఆ పేజీ నేనొక్కదాన్నే చేశానని వాళ్లకు చెప్పాను అరుణా, కోడంతా నీది, తప్పు చేశాను. నువ్వు రాసింది కూడా మొన్ననే చదివాను.

 అవతల స్కూలు గంట మోగింది.

"ఏ పేజీ? నాకు యాదికే లేదే, సుజీ. అన్నం తిన్నవా?"

తిన్నానన్నాను. క్లాసు ఉందంటూ పెట్టేసింది.

యాదికి లేదట. తనకి! చరణాలతో సహా ప్రతి పాటా గుర్తుండే మనిషికి.

అప్పుడు లోపల వాళ్లతో ఆడిన అబద్ధమే ఇప్పుడు నాతోనూ ఆడిందా... నా కోసమే... లేక నాతో ఇక మాట్లాడే ఉద్దేశం లేదా.

మళ్లీ చేయనా అని ఫోన్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. తన క్లాసు ఈపాటికి అయిపోయి ఉంటుంది.