ఐదు వారాల భుజం

నవంబర్ 7, శుక్రవారం

పొడుగోడి భుజం పోయింది. తెర మీద ఒక్క ముక్క — కుడి భుజం వాపు, ఐదు వారాలు. ఏడుపు లేదు, అయ్యో లేదు. ఐదని ఎవరు కొలిచారో...

ఇక్కడ బహ్రెయిన్‌లో, జింజ్ పేటలో యూసుఫ్ భాయ్ రిపేరు దుకాణంలో ఎవరో అమెరికావాడు వదిలేసి పోయిన ల్యాప్‌టాప్ ఇది. అందులో ఈ బేస్‌బాల్ ఆట. "తీస్కపో కాకా, పత్తాలాట ఎన్నాళ్ళు ఆడుతవ్?" అన్నాడు. బ్యాటు ఊపడం గీపడం మన పని కాదు. జట్టుకు మనం మేస్త్రీ. రేపు ఎవడు ఆడాలి, ఎవడు కూర్చోవాలి — పేర్లు ఇవ్వడం వరకే. మిగతాది కంప్యూటర్ లోపల పాచికలేసి చెబుతుంది. వారమంతా సైటు మీద నేను చేసేదీ ఇదే. సెలవు పూట కూడా ఫోర్‌మన్ ఉద్యోగం మానలేదన్నమాట.

ఆటగాళ్ళ పేర్లు నోరు తిరగవు. అందుకే పొడుగోడు, బట్టతల, ఎడమచేతోడు. పొడుగోడు పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు. చెయ్యి తలపైకి లేపాలి, తిప్పాలి, విసరాలి. మళ్ళీ లేపాలి. జిప్సం సీలింగ్ వేసేవాడి చెయ్యి లాగానే.

నవంబర్ 8

ఆటలో ఒక మీట దొరికింది. దెబ్బలు ఎంత తరచుగా తగలాలి — తక్కువ, మామూలు, ఎక్కువ. అసలు వద్దన్నా సరే వింటుంది. దేవుడి గదిలోకి పొరపాటున తొంగి చూసినట్టుంది.

"బంద్ చెయ్ కాకా. ఆటల గూడ నొప్పులెందుకు?" — యూసుఫ్, ఫోన్‌లో.

మామూలు మీదే ఉంచాను.

నవంబర్ 10

మా గదిలోనే ఉంటూ నా కింద సీలింగ్ పని చేసే గంగాధర్ ఈ మధ్య గుండీల చొక్కా వేస్తున్నాడు. వాడివన్నీ తలమీదినుంచి తొడిగే టీషర్టులు. ఉన్న ఒక్క గుండీల చొక్కా పెళ్ళిళ్ళకు దాచుకున్నది. అది వేసుకుని సైటుకు వస్తున్నాడు.

ఉతికిన బట్టలు కూడా దండెం మీద లేవు. దండెం పైన ఉంటుంది కదా... కిటికీ ఊచలకు చుట్టి ఉన్నాయి.

"ఏమైందిరా భుజానికి?"

"ఏం గాలే కాకా. పక్కకు పండిన, పట్టేసింది. గంతే."

ముహర్రక్‌లో మా గదిమీదినుంచి విమానం పోతే మాట వినపడదు. అప్పుడే ఒకటి వచ్చింది. పోయాక వాడు ఇంకో సంగతి ఎత్తుకున్నాడు.

నవంబర్ 12

బట్టతలవాడు ఇంట్లో స్నానాల గదిలో జారిపడ్డాడట. మూడు రోజులు ఆడడు. మైదానంలో కాదు, ఇంట్లో! ఈ ఆట రాసినవాడు ఎవడో గానీ మనుషుల్ని చూసినవాడే.

మా సాయన్న ఉండేవాడు. నా కంటే ముందే దుబాయి వచ్చినవాడు. ఊరివాళ్ళకు బహ్రెయిన్ అయినా దుబాయే. ఎంత ఎత్తు పరంజా మీదైనా వాడు కాకిలా తిరిగేవాడు, ఒక్క గీత పడలేదు. సెలవు మీద పోయి, జగిత్యాలలో బస్సు దిగుతూ చెరుకు పిప్పి మీద కాలేశాడు. మడమ విరిగింది. అడిగినవాళ్ళకు మాత్రం పదో అంతస్తునుంచి పడ్డానని చెప్పాడు. పిప్పి అని చెబితే ఎవడు గౌరవిస్తాడు?

ఇంగ్లిషు నేను రంగు డబ్బాల మీద నేర్చుకున్నాను. ఇప్పుడు ఈ ఆట మీద శరీరం నేర్చుకుంటున్నాను. భుజంలో ఇన్ని తాళ్ళున్నాయని ఎవడనుకున్నాడు!

నవంబర్ 14, శుక్రవారం

యూసుఫ్ దుకాణం. చాయ్. ఈ ఆటలో దెబ్బలు ఎంతవరకు నిజం అని చర్చ. పనిలేనివాళ్ళం కదా.

నా మాట: దెబ్బ తగలడం నిజంగానే ఉంది. ఎక్కువ విసిరితే భుజం, పరుగెత్తితే పిక్క, వయసు మీద పడితే అన్నీ. అబద్ధం మరో చోట ఉంది. ఆటగాడు దాచుకోడు. నొప్పి పుట్టిన క్షణమే తెర మీద వచ్చేస్తుంది. ఎవడూ మేస్త్రీ ముందు నవ్వుతూ నిలబడడు.

రెండోది ఇంకా పెద్దది. దెబ్బతిన్నవాళ్ళకు వేరే జాబితా ఉంది. అందులో వేస్తే బాగయ్యేదాకా వాడి జాగా వాడిదే.

యూసుఫ్ చాయ్ పొలమారేదాకా నవ్వాడు. "జాగా ఉంచుతరా? అరే కాకా! మన దగ్గర ఒక్క పూట లేస్తే మంచం మీద ఇంకోడు పండి గుర్రు పెడ్తడు."

నిజమే. మా కంపెనీలో దెబ్బ అనే మాటే వాడరు. 'లీవు' అంటారు. బాగా విశ్రాంతి తీసుకో అంటారు, టికెట్ చేతిలో పెడతారు. తిరుగు టికెట్ తరువాత వస్తుందంటారు. మాతో పనిచేసిన నర్సయ్య ఇంకా దాని కోసమే చూస్తున్నాడు, మెట్‌పల్లిలో.

నవంబర్ 16

బీరువా మీద పెట్టె ఉంది, దించు అన్నాను గంగాధర్‌తో. ఎడమ చెయ్యి చాచాడు. కుడిచెయ్యి నడుం మీదే.

"నన్ను పరీచ్ఛ వెడ్తున్నవా కాకా?"

"పెట్టె దించమన్నా."

పెట్టె దించలేదు. మంచం మీద కూర్చున్నాడు. కూర్చుని — చెయ్యి చెవి దాకా లేస్తుంది, పైకి పోదు. రాత్రి అటు తిరిగి పడుకోలేడు. వచ్చే నెల వీసా కాగితం తిరగరాయాలి. ఇదంతా నేలవైపు చూస్తూ చెప్పాడు.

"దవాఖానకు పోతే చీటీ ఇస్తరు. చీటీ ఆఫీసుకు పోతది. నర్సయ్యకు గూడ లీవే ఇచ్చిండ్రు గదా, వచ్చిండా మళ్ల? కాయితం కానీ కాకా. అయినంక నేనే చెప్త, నీ మీద ఒట్టు."

"నా మీద ఎందుకురా, నీ మీద వేసుకో."

కొంచెం నవ్వాడు. పెట్టె నేనే దించుకున్నాను.

లేస్తూ అడిగాడు — "నీ పొడుగోడు ఎట్లున్నడు?"

"ఇంకా నాలుగు వారాలు ఉంది."

"ఎవలు చెప్పిండ్రు?"

"కంప్యూటర్."

"నసీబున్నోడు."

నవంబర్ 17

చూద్దామని చేశాను. వాపు భుజంతోనే పొడుగోణ్ణి ఆడించాను. ఆట వద్దనదు. ఒక హెచ్చరిక వస్తుంది, సరే అని నొక్కితే చాలు. రెండో మ్యాచ్‌లోనే తాడు తెగింది. ఏడాదంతా పోయింది. బాగయ్యాక కూడా బంతి వేగం తగ్గుతుందట.

ఇక్కడ నాకో బుద్ధి పుట్టింది. ముందు దాచి ఉంచిన చోటికి వెనక్కి పోయాను. అదే రోజు, అదే మనిషి, అదే భుజం. మళ్ళీ ఆడించాను.

ఏమీ కాలేదు. గెలిచి వచ్చాడు.

ఇందులోంచి నీతి ఏం తీయాలో తెలియలేదు. మూసేసి అన్నం వండుకున్నాను.

నవంబర్ 19

హమద్ టౌన్‌లో విల్లా పని. గంగాధర్‌ను కింద పెట్టాను — బోర్డు కొలవడం, కొయ్యడం. పైన వాడి జాగాలో మా జట్టు కుర్రాడు పప్పు యాదవ్. ఆటలో ఇలాగే చేస్తాం. అలిసినవాణ్ణి నాలుగు రోజులు కూర్చోబెడితే ఎవడూ ఎందుకని అడగడు.

ఇంజినీరు అడిగాడు, కింద వీడేం చేస్తున్నాడని.

"కాకా, గంగాధర్ నీచే క్యా కర్ రహా హై?"

"పప్పుకు నేర్పిస్తున్నాడు సాబ్."

"అచ్ఛా?" అని గంగాధర్ భుజం వైపే చూశాడు. లేక నాకలా అనిపించిందో... అప్పటిదాకా ఎవరూ చూడని భుజం అది.

బస్సులో తిరిగి వస్తూ వాడు నా పక్కన కూర్చోలేదు. దిగాక అన్నాడు —

"మంచిగనే చేసినవ్ కాకా. పైనుంటే నొప్పి నాకొక్కనికే ఎర్క. కింద వెట్టినవ్, ఇప్పుడు అందరికెర్కైంది."

 పొడుగోణ్ణి కూర్చోబెట్టినప్పుడు వాడు ఏమీ అనడు కదా, అందుకే ఈ సంగతి నాకు ముందు తట్టలేదు.

నవంబర్ 20

ఇంజినీరు ఫోన్. రేపు సెలవు, ఎల్లుండి పొద్దున ఇల్లుగలాయన మజ్లిస్ చూడ్డానికి వస్తున్నాడు. చుట్టాలొస్తే కూర్చునే పెద్ద హాలు అది. వెంట మన కఫీల్ కూడా, అంటే మా వీసాలు చేతిలో ఉన్న యజమాని. మధ్యలో గుండ్రటి సీలింగ్ ఆయన కళ్ళముందే ఎక్కించాలట. అది గంగాధర్ చేతిపని, ఇంకెవరికీ అంత నున్నగా కుదరదు.

"ఊపర్ గంగాధర్ హీ చాహియే. అగర్ కోయీ ప్రాబ్లం హై తో అభీ బోలో."

పైన వాడే ఉండాలట, ఇబ్బంది ఏదైనా ఉంటే ఇప్పుడే చెప్పాలట. నేను ఇంకా నోరు తెరవకముందే, "రేపు సాయంత్రం లోపల పేర్లు పంపు, యల్లా, త్వరగా" అని పెట్టేశాడు.

నవంబర్ 21, శుక్రవారం

పొద్దున యూసుఫ్ దగ్గరికి పోలేదు. ఆట తెరిచాను, మూశాను.

లెక్క వేసి చూస్తే రెండే తోవలు. పేరు పంపిస్తే, గుండ్రటి బోర్డు బరువంతా ఆ భుజం మీద. ఎక్కించి దిగితే వీసా కాగితం నడుస్తుంది. మధ్యలో చెయ్యి వదిలితే బోర్డు పోతుంది, భుజం పోతుంది, కింద పప్పు ఉంటాడు. పంపకపోతే ఎందుకని అడుగుతారు. ఆ తరువాత లీవు. మొన్న పాచికలు ఒకసారి అలా పడ్డాయి, ఒకసారి ఇలా పడ్డాయి.

ఫోన్‌లో పేర్లు కొట్టాను. పప్పు. సలీం. మూడోది కొట్టాను, తుడిచాను, మళ్ళీ కొట్టాను.

సాయంత్రం గంగాధర్ స్నానం చేసి వచ్చాడు. పెట్టెలోంచి టీషర్టు తీశాడు. ఎర్రది, తలమీదినుంచి తొడిగేది. నాకు ఎదురుగా నిలబడ్డాడు. ఎడమ చెయ్యి దూర్చాడు. తల దూర్చాడు. బట్ట లోపల చాలాసేపు ఉన్నాడు. విమానం ఒకటి వచ్చి పోయింది, ఇంకా బట్ట లోపలే ఉన్నాడు. బయటికి వచ్చాక ముఖం తడిగా ఉంది. ఇప్పుడే స్నానం చేశాడు కదా, నీళ్ళే అనుకోవచ్చు.

"చూసినవా కాకా? ఏం లేదు."

"చూసిన."

"పేరు పంపినవా?"

"పంపుతా."

మంచం మీద కూర్చున్నాడు. గదిలో ఉక్కగా ఉంది, ఏసీ రిపేరు. మిగతావాళ్ళందరూ బనీన్ల మీద ఉన్నారు. వీడొక్కడే ఎర్ర టీషర్టులో, చెమటలు కారుతూ, గోడ వైపు చూస్తూ. విప్పడు. నేనుండగా విప్పడు.

చాయ్ తాగొస్తానని చెప్పి బయటికి వచ్చాను. మిగతావాళ్ళను కూడా పిలుచుకొచ్చాను. చాయ్‌కి పోలేదు, మెట్ల మీదే కూర్చుని ఇది రాస్తున్నాను. ఇంజినీరు రెండుసార్లు ఫోన్ చేశాడు. పేర్లు ఫోన్‌లో పంపకుండా అలాగే ఉన్నాయి, మూడూ. లోపలినుంచి ఇంకా ఏ చప్పుడూ లేదు — అది విప్పడానికి వాడికి ఎంతసేపు పడుతుందో...