రాజయ్య కాక పేరు కింద బాపు

ఆదివారం, మందమర్రి

బాపు పాత ఫోన్ ఊరికే ఆగిపోతోందని అందులోని ఫొటోలనూ నా ఫోన్‌లోవాటినీ కలిపి ఈరోజు క్లౌడ్‌లోకి ఎక్కించాను. ఎక్కించడం తేలికే, ఆ తర్వాతే తల తిరిగింది.

ఆ క్లౌడే ముఖాలను బట్టి ఫొటోలను గుంపులు చేసి, బాపువన్నీ ఒకచోట పెట్టింది. ఆ గుంపులో బొగ్గు బాయిలోంచి డ్యూటీ దిగి వచ్చినప్పటి ఫొటో ఒకటి ఉంది. నెత్తిన టోపీ, లైటు, ముఖమంతా మసి. నాకైతే బాపే అనిపించింది.

"గది నేను గాదు బిడ్డా, మా తమ్ముడు రాజయ్య. ఆ ఎత్తు పండ్లు సూడు," అన్నాడు బాపు.

సరేనని రాజయ్య కాక పేరు రాశాను. అది ఒక్క ఫొటోకే కాకుండా గుంపు మొత్తానికి పడింది. నా పెళ్లిలో అల్లుడి కాళ్లు కడుగుతున్న బాపు కూడా ఇప్పుడు రాజయ్య కాకే. కాక నా పెళ్లికి ముందే చనిపోయాడు.

సరిచేయబోతే బాపు నా చెయ్యి పట్టుకున్నాడు. "ఉండనియ్. నీ పెండ్లి సూస్త సూస్త అనుకుంటనే పోయిండు ఆడు."

ఉంచితే రేపు నా పిల్లలు తాతను ఎక్కడ వెతుక్కుంటారు? మార్చితే బాపు ఏమనుకుంటాడో...

ఇందాక బాపు పేరు కొట్టి వెతికాను. ఒక్క ఫొటో కూడా రాలేదు.