రెండు గంటలు, ఇరవై గంటలు

నరసాపురం,
4 ఏప్రిల్ 2016

ప్రియమైన ఆశకు,

ఫోన్ ఎత్తట్లేదని కోపగించుకోకు. గొంతులో తేడా పట్టేస్తావని ఎత్తలేదు. ఈస్టరుకి నువ్వొచ్చినప్పుడు గుమ్మంలో నీ చెప్పులు చూశాను. నడిచీ నడిచీ మడమల దగ్గర అరిగిపోయాయి. నాకు ఏడుపొచ్చింది. నావి ఏడాదిగా మంచం కింద కొత్తవిగానే పడున్నాయి.

చర్చి స్త్రీల సమాజం కూటాలకి ఖాట్మండు ఇద్దరం కలిసే వెళ్ళాం. భూకంపం వచ్చినప్పుడు ఒకే గదిలో, ఒకే గోడ కింద పడ్డాం. ఇప్పుడు నువ్వు గుడిలో నిలబడి సాక్ష్యం చెబుతుంటే నేను మంచం మీంచి మైకులో విన్నాను. “ఆశాజ్యోతిని చూసి ధైర్యం తెచ్చుకో” అంటారు మా ఆయన. ధైర్యం రావట్లేదే, నిన్ను ఓర్వలేకపోతున్నాను. దేవుడికి నీ కాళ్ళే ఎందుకు ముద్దొచ్చాయి?

నీ దీవెన

*

పాలకొల్లు,
9 ఏప్రిల్

ప్రియమైన దీవెనా,

దేవుడి మీద పెట్టకు. నా కాలు చూసిన డాక్టరు గారిని నీ గురించీ అడిగాను. “దెబ్బ తగిలిన అందరికీ అవిటితనం మిగలదమ్మా. వెన్ను విరగడం, శిథిలాల కింద ఎక్కువసేపు ఉండిపోవడం, గట్టి బల్ల మీద పడుకోబెట్టకుండా మోసుకెళ్ళడం, ఆపరేషన్ ఆలస్యం కావడం, ఆపైన వ్యాయామం మానెయ్యడం... ఇవన్నీ కలిస్తే కష్టం” అన్నారు. నాకు విరిగింది కాలెముక. రెండు గంటల్లో బయటపడ్డాను. నువ్వు ఇరవై గంటలు ఉండిపోయావు, నిన్ను దుప్పట్లో వేసి మోశారు. కానీ విరిగిన నీ వెన్నులో నరం పూర్తిగా తెగలేదట. ఫిజియోథెరపీ మళ్ళీ మొదలుపెట్టవే.

నీ ఆశ

*

నరసాపురం,
13 ఏప్రిల్

ప్రియమైన ఆశా,

థెరపీకి నన్నెవరు తీసుకెళ్తారు? ఆయన కడియం నర్సరీల మొక్కల లారీ ఎక్కితే పది రోజులకి గానీ రారు. పడుకుని పడుకుని వీపు పుండు పడింది.

ఆ రెండు గంటలు నీకెందుకొచ్చాయో, ఇరవై నాకెందుకొచ్చాయో మీ డాక్టరు చెప్పలేదు. నీకు బారెడు దూరంలోనే ఉన్నాను. గొంతు పోయేదాకా నీ పేరే పిలిచాను.

నిజం చెప్పనా? మొన్న నువ్వు మెట్లు దిగుతుంటే ఒక్కసారి జారిపడితే బావుణ్ణనుకున్నాను. ఆ రాత్రి ప్రార్థన చేసుకోబుద్ధి కాలేదు.

దీవెన

*

పాలకొల్లు,
1 మే

ప్రియమైన దీవెనా,

రెండు వారాలుగా కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటున్నాను.

నువ్వు పిలవడం నాకు వినిపించింది. నా మీది రాళ్ళు తీస్తున్నవాళ్ళు “లోపల ఇంకెవరైనా ఉన్నారా?” అని హిందీలో అడిగారు. ఉన్నారంటే నన్ను వదిలేసి నీవైపు వెళ్తారని భయపడ్డాను. “ఎవరూ లేరు” అన్నాను. బయటికొచ్చాక చెబుదామనుకున్నాను. అప్పటికే స్పృహ పోయింది.

గుడిలో సాక్ష్యం చెప్పినప్పుడు ఈ మాట చెప్పలేదు. నీ ఉత్తరంలో ‘దేవుడు’ అని ఉన్నచోట నా పేరే చదువుకున్నాను.

ఆశాజ్యోతి

*

నరసాపురం,
8 జూన్

ఆశా,

ప్రియమైన అని రాయబోతే చెయ్యి రాలేదు.

నెల రోజులు నిన్ను తిట్టని తిట్టు లేదు. కానీ ఆ నెలంతా నీ కాళ్ళ మీద ఏడుపు గుర్తుకైనా రాలేదు. దేవుడే నన్ను వద్దనుకున్నాడేమో అని ఏడాదిగా కుమిలిపోయాను. నువ్వని తెలిశాక ఊపిరాడింది. నిన్నయితే నిలదీయగలను.

క్షమించానని రాయను, రాస్తే అబద్ధం.

పుండు మానింది. సోమవారం నుంచి ఇక్కడి ఆస్పత్రిలో థెరపీకి పేరు రాయించాను. నన్ను నడక నేర్పే కమ్మీల మధ్య నిలబెట్టాలంటే వెనక నుంచి నడుం పట్టుకోడానికి మనిషి కావాలట. వారానికి మూడు రోజులు. నువ్వే పట్టుకోవాలి. మొదటి బస్సుకి రా.

దీవెన