ఎర్రకారు అడుగున సొట్ట

ప్రియమైన తమ్ముడికి,

యావన్మంది బంధుమిత్రులకు ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, నేటినుండి నా టీలో చక్కెరను మీ వదిన నిషేధించినది. ఈ శాసనంపై అప్పీలు లేదు.

ఇక నువ్వు డ్రైవరుగా ఉన్న మీ షావుకారు కొత్తగా కొని, చరిత్ర అడిగిన ఎర్రకారు సంగతి. నీకు తెలిసిన కథే. ర్యాలీ పందెంలో దిగాలంటే అలాంటి కార్లే కొన్ని వందలు జనానికీ అమ్మాలని రూలు. అందుకే మా ఫ్యాక్టరీవాళ్ళు చచ్చినట్టు కట్టారు. చెవులు చిల్లులు పడే మోత, వెనక సీట్లో పిల్లికూడా కాలు చాపలేదు. పందెం ముందు అసలు పందెంకారు ఇరుసు విరిగితే, అమ్మకానికి నిలబెట్టిన ఈ కారునే దించాం. గెలిచింది! కొండదారిలో రాయి తగిలి అడుగున సొట్ట పడితే నా చేత్తోనే సుత్తిపెట్టి లేపాను. ఆయనకి చదివి వినిపించు, మురిసిపోతాడు.

నీ అన్న

అన్నయ్యా,

మురిసిపోయాడు, నా కొంప మునిగింది. "గెలిచిన బండి పక్కన దాన్ని బాగుచేసినవాడి తమ్ముడే ఉండాలి" అని నా లైసెన్సు బీరువాలో పెట్టి తాళమేశాడు. నా మకాం నేలకింద గ్యారేజీ, కిటికీ లేదు. వచ్చినవాళ్ళకి కారుతోపాటు నన్నూ చూపిస్తున్నాడు. ఇంటికెళ్తానయ్యా అంటే, "కారు వెళ్ళినప్పుడు వెళ్దువుగానిలే" అంటాడు. పాప నడక మొదలెట్టిందని నీ మరదలు రాసింది. నేను చూసేసరికి పరిగెత్తేలా ఉంది. నీ నోరే ఇరికించింది, నువ్వే విడిపించు.

నీ తమ్ముడు

ఒరేయ్ తమ్ముడూ,

ఇదీ ఆయనకే చదువు. అయ్యా, ఆ కారు పందెం మొహం ఎరగదు. రూలు కోసం కట్టిన గుంపులో అదొకటి. మా షెడ్డులో నేను జాకీ జారవిడిస్తే సొట్ట పడింది. గొప్పకి కోతలు కోశాను. మావాణ్ణీ నమ్మకండి, ఇద్దరం ఒకే కడుపున పుట్టాం.

ఇట్లు, కోతలరాయుడు

అన్నయ్యా,

లైసెన్సు మొహాన కొట్టి గెంటేశాడు. పాప నన్ను చూసి గుక్కపట్టి ఏడ్చింది. ఇప్పుడు నా వేలు వదలట్లేదు. కానీ ఒకటి మింగుడు పడట్లేదు. ఊహ తెలిసినప్పట్నుంచీ ఆ పందెం కథ నీ నోటే విన్నాను, బళ్ళో అందరికీ చెప్పుకుని ఊరేగాను. అదీ కోతేనా? షావుకారు చాటింపుతో ఇక్కడ నీ పేరెత్తి నవ్వని మెకానిక్ లేడు.

తమ్ముడు

ప్రియాతిప్రియమైన వెర్రిబాగులోడికి,

నవ్వనీ. నేను పదో తరగతి తప్పినప్పుడు ఇంతకన్నా ఎక్కువే నవ్వారు. ఈ ఉత్తరం చించెయ్, ఆ షావుకారు చెవినపడితే మళ్ళీ నిన్ను ఆ గుంతలో దింపుతాడు. కారు పరిగెత్తింది, గెలిచింది, రాయి తగిలింది. జాకీ జారడం ఒక్కటే పూర్తిగా నా కల్పన.

నీ అన్న