నల్లకు కట్టిన ఆకుపచ్చ వైరు

మస్కట్,
మంగళవారం.

ప్రియమైన కరుణక్కకు తమ్ముడు ప్రభాకర్ వందనాలు.

దేవుని కృపవల్ల నేనిక్కడ బాగానే ఉన్నాను. నీవు, బావ, అవ్వ క్షేమమని తలుస్తాను. అవ్వ చేతుల తిమ్మిరి ఎట్లా ఉన్నది? మంచిర్యాల డాక్టరు రాసిన గోలీలు తప్పకుండా వేస్తున్నావా? బావ నడుము నొప్పి తగ్గిందా? ప్రతి ఉత్తరంలో అడిగే మాటలే ఇవి. ఈసారి మాత్రం ఊరికే అడగడం లేదు. కారణం చివరివరకు చదివితే తెలుస్తుంది.

ఈ ఉత్తరం ఇప్పుడే రాయవలసి రావడానికి కారణం సూటిగా చెబుతున్నాను. ఇంట్లో ఉన్న మన బాపు ఆంప్లిఫయర్ నుంచి వాకిట్లోని నీళ్ల నల్లకు ఎనిమిదేళ్ల కింద నేను నా చేతులతో ఒక ఆకుపచ్చ వైరు కట్టాను. ఆ వైరు వల్ల ఇప్పుడు నల్ల ముట్టుకున్న మనిషికి కరెంటు కొట్టవచ్చు. ప్రాణం కూడా పోవచ్చు. నిన్న మధ్యాహ్నం హఠాత్తుగా ఫోను చేసి ప్లగ్గు పీకమన్నది అందుకే. నీవు బడిలో ఉన్నావు. బావ ఎత్తాడు.

"పాటల డబ్బకు, నల్లకు ఏం సుట్టరికం బామ్మర్దీ?" అన్నాడు.

"బావా, ముందుగాల పీకు. తర్వాత చెప్త."

"పీకిన. ఫ్యాన్ సుత పీకాల్నా? ఈడ ఉడుకపోత్తంది."

ఆయన నవ్వుతున్నాడు. మళ్లీ పెట్టవద్దన్నాను గాని, చెప్పవలసింది సగమే చెప్పగలిగాను. అందుకే ఇది కాగితం మీద పెడుతున్నాను. నా గదిలో ఉండే మంచిర్యాల మనిషి ఎల్లుండి సెలవు మీద వస్తున్నాడు, అతనే తెచ్చి నీ చేతికిస్తాడు. నీవు చదివి, మన ఎలక్ట్రీషియన్ రాజయ్యకు ఇదే కాగితం చూపించు.

ఇక్కడ ఎండలు ముదిరాయి. సముద్రపు గాలి తేమకు కళ్లద్దాలు తుడిచినంతసేపు పట్టదు, మళ్లీ మసకబారుతాయి. గదిలో నలుగురం వంతులు వేసుకొని వండుకుంటాం. నా వంతు వచ్చిన రోజు పప్పుచారే. మొదట్లో మిగతా ముగ్గురు సణిగేవారు, ఇప్పుడు మానేశారు. ఆదివారం కూడా పని దినమే కాబట్టి శుక్రవారం ఆరాధనకు పోతున్నాను. అక్కడ మన తెలుగు పాటలు పాడినప్పుడు కొంచెం ఊరి మీద బెంగ పుడుతుంది, మళ్లీ సర్దుకుంటుంది. నా గురించి ఫికరు పెట్టుకోవద్దు.

నా పని ఏమిటో నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. ఇక్కడ కొందరు ఇంట్లో ఒక గదిని కేవలం పాట వినడానికే కట్టుకుంటారు. మధ్యలో ఒకే కుర్చీ ఉంటుంది, ఎదురుగా మనిషెత్తు స్పీకర్లుంటాయి. ఆ గదుల కరెంటు పని మా షాపు తరఫున నేను చూస్తాను. పాట ఇంకా శుభ్రంగా వినబడాలని వాళ్లు ఎర్తింగ్ సామాన్లు కూడా కొంటారు. అందులో ఒకటి చెక్కపెట్టె. లోపల ఏవో లోహాల పొడి, రాళ్ల పొడి నింపి మూసేస్తారు. దాని నుంచి వచ్చే ఒక వైరును ఆంప్లిఫయర్ వెనుక తగిలిస్తే పాట వెనుక నిశ్శబ్దం పెరుగుతుందంటారు.

అది నిజమేనా అని నీవు పోయిన నెల అడిగావు. నాకు తెలిసినంత చెబుతాను. పాటకు సంబంధించిన రెండు యంత్రాలు రెండు వేర్వేరు ఎర్తులకు తగిలి ఉంటే స్పీకర్లో గుంయ్‌మనే శబ్దం వస్తుంది. రెండింటినీ ఒకే ఎర్తుకు తెస్తే ఆ శబ్దం పోతుంది. ఇది మీటరు పెట్టి చూపించగలను. పెట్టె వల్ల వచ్చే తేడాను మాత్రం నేను ఇంతవరకు కొలవలేకపోయాను. విన్నామనే వాళ్లు అబద్ధమాడుతున్నారని కూడా అనలేను.

బాపు ఆంప్లిఫయర్‌కు తగిలించిన నీ కీబోర్డుకు మళ్లీ గుంయ్ శబ్దం వస్తున్నదని, సాయంత్రాలు మన ఇంట్లో చేసే ఆదివారం పాటల అభ్యాసానికి ఇబ్బందిగా ఉన్నదని, అటువంటి పెట్టె ఒకటి పంపమని అడిగావు కదా. ఒక ఇంట్లో తీసేసిన పాత పెట్టె దొరికింది. మంచిర్యాల మనిషి సంచిలో సర్దాను కూడా. నిన్న బయటికి తీసేశాను. ఆ గుంయ్ శబ్దమే ఒక హెచ్చరిక అని నీవు అడిగినప్పుడు నాకు తట్టలేదు.

నిన్న పొద్దున జరిగింది చెబుతాను.

ఒక పెద్దమనిషి ఇంటికి పోయాను. పాట పలచబడిందని, ఇంకొక పెట్టె కావాలని ఆయన కోరాడు. పెట్టె అమ్మే ముందు ఉన్న ఎర్తును చూడడం నా అలవాటు. చూస్తే, పాట గదికి మాత్రమే ప్రత్యేకమైన ఎర్తు ఉండాలని ఆయన పోయిన ఏడాది తోటలో ఒక రాగి కడ్డీ దిగగొట్టించాడట. కింద బండ ఉండడంతో మూరెడు కూడా దిగలేదు. అందుకని ఆ వైరును పక్కనే ఉన్న తోట నల్లకు కూడా చుట్టించాడు. రెండు ఎర్తులుంటే గుంయ్‌మంటున్నదని, ఆంప్లిఫయర్ ప్లగ్గులోని ఇంటి ఎర్తును తీయించేశాడు. తోట నల్ల పైకి ఇనుమే గాని భూమి లోపల ప్లాస్టిక్ పైపు. అంటే ఆంప్లిఫయర్ లోపల కరెంటు కొంచెం లీకైనా అది పోవడానికి దారి లేదు, నల్ల దాకా వచ్చి అక్కడ నిలబడుతుంది.

నేను వంగి ఆ వైరు చూస్తుండగా తోటమాలి దగ్గరికి వచ్చాడు. ఫోనులో నా మాట విని తెలుగువాడినని పట్టుకున్నాడు. పేరు మల్లేశ్.

"ఎక్కడన్నా మనది?"

"లక్సెట్టిపేట."

"మాది జగిత్యాల దిక్కు. జర ఒక మాట జెప్త, నవ్వద్దు."

"నవ్వ. చెప్పు."

"లోపట సేటు పాట వెట్టిండంటే గీ నల్ల జుమ్ముమంటదే. పాట బందైతే నల్ల సుత బంద్."

"ఎప్పటిసంది?"

"ఎండకాలం ముందటిసంది. సేటుకు జెప్తె పిచ్చోడనుకుంటడని జెప్పలే. రబ్బరు చెప్పులేసుకొని, కట్టెతోని తిప్పుకుంటున్న."

లోపల పాట పెట్టించి, నల్లకు, ఇంటి అసలు ఎర్తుకు మధ్య మీటరు పెట్టాను. నూటపది వోల్టులు దాటి చూపింది. ఆంప్లిఫయర్ ఆపించగానే ముల్లు సున్నా దగ్గరికి పడిపోయింది. మల్లేశ్ నా భుజం మీదుగా చూస్తున్నాడు.

"ఇగ నేను పిచ్చోన్ని కానట్టేనా అన్నా?"

"కాదు తమ్మీ. నీ చెప్పులు మంచివి."

అప్పటికి లీకేజీ కొద్దిగానే ఉన్నది. అందుకే జుమ్ముమన్నది. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ పూర్తిగా పాడైన రోజున ఇంటి కరెంటు మొత్తం ఆ నల్లలో ఉండేది. ఎర్తు సరిగా లేదు కాబట్టి ఫ్యూజు కూడా పోయేది కాదు.

యజమానికి ఇదంతా చెప్పాను. మంచి మనిషి. ముఖం పాలిపోయి తోట మెట్ల మీదే కూర్చున్నాడు. ఒకే మాట అన్నాడు: "అతను తోటలో పని చేస్తాడని తెలుసు. నల్ల ముట్టుకుంటాడని ఎన్నడూ ఆలోచించలేదు."

ఆ మాట వినగానే నాకు మన వాకిలి కళ్ల ముందుకు వచ్చింది అక్కా. మీటరు నా చేతిలోనే ఉన్నది. దాన్ని కింద పెట్టేశాను. ఇంత బుద్ధిలేని పని ఎవరు చేస్తారని అప్పటిదాకా మనసులో అనుకుంటున్నాను. మన ఇంట్లో ఆ పని చేసింది నేనే.

నీకు గుర్తుండే ఉంటుంది. బాపు శ్రీరాంపూర్ గనిలో ఎలక్ట్రికల్ సెక్షన్లో పనిచేశాడు కాబట్టి మన గోడ పక్కన ఎర్తు గుంత ఆయనే తవ్వాడు. బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి పూడ్చాడు. ప్రతి సాయంత్రం అందులో బకెట్టు నీళ్లు పోసేవాడు. "మనిషి తాగినంక గుంత సుత తాగాలె" అనేవాడు. నేను ఇక్కడికి రావడానికి ముందు వచ్చిన ఎండాకాలం ఆ బకెట్టు నీళ్లు చాలక గుంత ఎండిపోయి ఆంప్లిఫయర్ గుంయ్‌మన్నది. కొత్తగా పని నేర్చిన ఉత్సాహం నాది. నల్ల పైపు ఇనుపది, ఊరంత పొడుగు, ఎప్పుడూ తడిగా ఉంటుంది, ఇంతకన్నా మంచి ఎర్తు ఎక్కడ దొరుకుతుందనుకున్నాను. ఆంప్లిఫయర్‌ను గుంత నుంచి విడదీసి నల్లకు కట్టాను. శబ్దం పూర్తిగా పోయింది. బాపు కళ్లు మూసుకొని పాట విని, "గిప్పుడు సాఫుగున్నది బిడ్డా" అన్నాడు. ఆ ఒక్క మాటను ఎనిమిదేళ్లుగా దాచుకున్నాను.

బాపు పోయాక గుంతకు నీళ్లు పోసే వాళ్లు లేరు. పోయిన ఏడు మీరు వాకిలికి సిమెంటు సీసీ పోయించారు, గుంత దాని కింద పడిపోయింది. అదే సమయంలో నల్ల లైను కూడా మార్పించామని నీవు ఫోనులో సంతోషంగా చెప్పావు. తుప్పు నీళ్ల బాధ తప్పిందన్నావు. నేనూ సంతోషించాను. కొత్త పైపు దేనితో చేసిందని అడగలేదు. ఇప్పుడు అన్నిచోట్లా ప్లాస్టిక్ పైపులే వేస్తున్నారని తెలిసి కూడా అడగలేదు.

ఇంకొకటి ఉన్నది. ఇది రాయడానికి సిగ్గుగా ఉన్నది. మూడు నెలల కింద నీవు బర్రె సంగతి చెప్పావు.

"మన బర్రెకు నా పాట నచ్చుతలేదు తమ్మీ. పొద్దుగాల గోలెమెడు నీళ్లు ఖాళీ జేస్తది. పొద్దుమూకి మేం పాటలు మొదలువెట్టినమంటే, మూతి వెట్టి దిగ్గున ఎనుకకు జరుగుతది."

వెనుక నుంచి బావ, "దానికి రాగం తెల్సు, మీకే తెల్వది" అన్నాడు. నేను, "జర శృతి తగ్గించి పాడు అక్కా" అన్నాను. ముగ్గురం నవ్వుకున్నాం. బర్రెకు దిష్టి తీయించాలని పక్కింటివాళ్లు అంటున్నారని, అమ్మేయాలని బావ అంటున్నాడని కూడా చెప్పావు.

గోలెం ఆ నల్ల కిందనే ఉన్నది. తడి నేల మీద వట్టి గిట్టలతో నిలబడే జంతువుకు మనకన్నా ముందు కరెంటు తెలుస్తుంది. మల్లేశ్ చెప్పినదే బర్రె కూడా మనకు చెప్పింది. ఆ పనే వృత్తిగా చేసే నేను విని నవ్వాను.

ఇప్పుడు చేయవలసింది రాజయ్యకు చదివి వినిపించు. ముందు మెయిన్ బంద్ చేయాలి. అది బంద్ చేసేదాకా వైరును, నల్లను ఎవరూ ముట్టుకోవద్దు. నల్లకు చుట్టిన వైరు పూర్తిగా విప్పి పారేయాలి, కొస కూడా మిగలవద్దు. గుంత ఉన్న చోట సీసీ పగలగొట్టి, కొత్తగా బొగ్గు, ఉప్పు వేసి నీళ్లు పట్టించాలి, ఆంప్లిఫయర్ ప్లగ్గు ఎర్తును తిరిగి అక్కడికే కలపాలి. ఎర్తును రాజయ్య మీటరుతో కొలిచి చూడాలి, కంటితో చూసి చెబితే చాలదు. ఆంప్లిఫయర్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌ను పరీక్షించే వరకు అది బాపుది అని కూడా ఆలోచించకుండా పక్కన పెట్టు. పెట్టెకు బదులు, లీకేజీ ఉంటే క్షణంలో కరెంటు ఆపేసే బ్రేకరు ఒకటి పంపుతున్నాను. మెయిన్ పక్కన అది పెట్టించు. కీబోర్డును, ఆంప్లిఫయర్‌ను ఒకే బోర్డు నుంచి నడిపితే గుంయ్ శబ్దం చాలావరకు తగ్గుతుంది. కొంచెం మిగిలితే మిగలనీ. దేవుడు ఆ మాత్రం శబ్దంలో కూడా పాట వింటాడు.

బర్రెను అప్పుడే అమ్మవద్దని బావకు చెప్పు. గోలెం నల్లకు దూరంగా జరిపి, సాయంత్రం నీళ్లు పెట్టి చూడండి. తాగితే నాకు ఫోను చేయండి, ఎంత పనిలో ఉన్నా ఎత్తుతాను. సీసీ పగలగొట్టినందుకు బావ నన్ను ఎన్ని తిట్లైనా తిట్టవచ్చు. ఈ ఉత్తరం తెచ్చిన మనిషి తిరిగి వచ్చేటప్పుడు మామిడి తొక్కు, కొన్ని సకినాలు పంపు. మల్లేశ్‌కు కూడా ఇస్తానని మాట ఇచ్చాను.

అవ్వకు నా వందనాలు చెప్పు, ఆమె ప్రార్థనలో ఈ కొడుకు పేరు తలవమను. పాస్టరయ్యకు, సంఘపు పెద్దలకు, నీతో పాడే అక్కలకు వందనాలు. మీ అందరి ఆశీస్సులు కోరే

నీ తమ్ముడు,
ప్రభాకర్

సంతకం చేసిన తర్వాత ఇంకొక మాట రాస్తున్నాను. మీరు పాటలు పాడే వేళకే అవ్వ నల్ల కాడ గిన్నెలు తోముతుంది. చేతులు తిమ్మిరెక్కుతున్నాయని ఆమె చెప్పడం మొదలుపెట్టింది లైను మార్చిన తర్వాతనా, అంతకు ముందునుంచా, నాకు గుర్తులేదు. భయపెట్టకుండా, మెల్లగా అడుగు. ఏ సమయంలో వస్తుంది, ఏ పని చేసేటప్పుడు వస్తుంది అని అడుగు. ఆమె ఏం చెప్పినా డాక్టరు గోలీలు మాత్రం ఆపవద్దు. ఇంత దూరం నుంచి నేను కొలవలేను. ఆ తిమ్మిరి వయసు వల్ల వచ్చిందో, షుగరు వల్ల వచ్చిందో, నేను కట్టిన వైరు వల్ల వచ్చిందో నాకు తెలియదు.